పోగుల అద్దం

తలలో నీరు పట్టిన పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ పోగుల అద్దం వెలిసిన కాలమది. దాని ముందు కూర్చుంటే మొహానికి బదులు మెదడులోని నరాల పోగులు రంగురంగుల్లో కనిపిస్తాయి. నీరు ఒత్తితే ఎర్ర పోగులు పలచబడతాయి. అందుకే వీధిలో ఎవరెదురైనా "పాప బాగుందా?" అనరు, "ఇవాళ పోగులెలా ఉన్నాయి?" అంటారు.

ఆ ఉదయం కరెంటు పోయింది. అలవాటు కొద్దీ వకుళ నల్లబడిన అద్దం ముందే కూతురు మందారకి జడలు వేస్తోంది. చెవి వెనక చర్మం కింద, నీటిని దించే గొట్టం ఉబ్బు మీద దువ్వెన ఆనకుండా పాయలు తీసింది.

పాప ఇందాకే తిన్న ఇడ్లీ కక్కేసింది. కళ్లు మూతలు పడుతున్నాయి. గొట్టం పూడుకుపోయి తలలో నీరు ఒత్తినప్పుడు కనిపించే గుర్తులే ఇవి. వకుళకి కంగారు పుట్టాలి, పుట్టలేదు. ఎర్ర పోగులు చూడందే కంగారు పడటం ఆమె ఎప్పుడో మానేసింది.

రిబ్బను ముడి దగ్గర మాత్రం ఎందుకో ఆమె చెయ్యి ఆగింది.

"తలనొప్పిగా ఉందేంటే?" అని అడిగింది.

మందార నల్లటి అద్దంలోకే చూసింది.

"ఏమోనమ్మా. కరెంటొచ్చాక చూసి చెప్తా."