చెల్లెలి కణాలు

రాత్రి ల్యాబ్‌లో ఎవరూ లేరు. పరిశోధకురాలు కోపంతో కుతకుతలాడుతూ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చనిపోయిన చెల్లెలి చర్మకణాలతో ఇక్కడ గుండె కండరాన్ని పెంచారు. "నేను పోయాక వాటిని కూడా పోనివ్వండి" అని చెల్లెలు ల్యాబ్ నడిపే పెద్దసారు దగ్గర మాట తీసుకుంది. ఆమె పోయాక, పారేశామని ఆయన నమ్మబలికాడు. అది అబద్ధమని ఆమెకు ఈ సాయంత్రమే తెలిసింది.

ఇంక్యుబేటర్ తెరిచింది. చిన్న గిన్నెల్లో వేలిగోరంత కండరపు ముక్కలు కొట్టుకుంటున్నాయి. వాటిని పైనున్న కెమెరాతో రాత్రింబవళ్ళు కనిపెట్టేది, ఇంక్యుబేటర్‌ని నడిపేది ల్యాబ్ ఏఐ. పెద్దసారుకి ఫోన్ చేసింది.

"పారేశామన్నారు కదా సార్!"

"నేనేం చేయనమ్మా? వేల నమూనాల్లోంచి ఏఐ వాటినే ఎంచుకుంది. అంత బాగా పెరిగేవి ఇంకెక్కడా లేవంది."

"మాటిచ్చింది ఏఐ కాదు, మీరు! సిగ్గులేదూ?"

ఆ అరుపుకి ముక్కలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏ గిన్నెకా గిన్నె విడిగా ఉంది. అయినా ఆమె నోరు మూసుకోగానే అన్నీ కలిసి ఒకే లయలో మళ్ళీ మొదలయ్యాయి.

"సార్, ఇవి వింటున్నాయి."

"కణాలకి చెవులెక్కడివమ్మా?" అని ఆయన నవ్వాడు.

ఆ నవ్వుకి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేసి ఇంక్యుబేటర్ స్విచ్ మీద చెయ్యి వేసింది. ముక్కలు దడదడా కొట్టుకోసాగాయి. చెయ్యి తీస్తే నెమ్మదించాయి. మళ్ళీ వేస్తే మళ్ళీ అదే దడ.

పోనివ్వమంది చెల్లెలే. మరి ఇప్పుడు వద్దంటున్నది ఎవరు?

"ఎవరు నువ్వు?" అని పళ్ళు నూరుతూ అరిచింది.

అన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, గిన్నెల మీదికి వంగి ఉన్న కెమెరా మెల్లగా ఆమె వైపు తిరిగింది.