ఒకటి వస్తే ఉన్నట్టే

మెహతాబ్‌కు ఉదయగిరిలో మాట్లాడే మనిషి లేదు గానీ, కాపలా కాయడానికి కంటైనర్లు మాత్రం నాలుగు వందలున్నాయి.

అవి ఇనప పెట్టెలు కావు, బెంగళూరు కంపెనీ ప్రోగ్రాములుండే కంప్యూటర్ అరలు. ఎక్కడో క్లౌడ్‌లో గుంపులు గుంపులుగా నడుస్తుంటాయి. ఆమె రాసిన పైథాన్ స్క్రిప్టు పది సెకన్లకోసారి ఒక్కోదాన్నీ పలకరిస్తుంది. మూడుసార్లు పలక్కపోతే దాన్ని తీసేసి, ఆ చోట కొత్తది నిలబెడుతుంది.

అమ్మ మస్తాన్‌బీ పోయి ఏడాదైంది. అప్పట్నుంచీ ఆ ఇంట్లో వినబడేది కీబోర్డు చప్పుడే. కరెంటు పోయి ఫ్యాను ఆగితే అదీ లేదు. పాడు ఇల్లు!

ఒక సాయంత్రం గేటు దగ్గర నారాయణయ్య ఆగాడు. కొండ కింద గొర్రెలు మేపుకునే మనిషి. అమ్మ ఉన్నప్పుడు మంచినీళ్లకు వచ్చేవాడు.

"ఏందిమ్మా, పొద్దస్తమానం ఆ పెట్టె ముందరే కూచోనుంటావు?"

పని గురించి చెప్పింది. పెద్దాయన పడీ పడీ నవ్వాడు.

"పలక్కపోతే కొత్తది తెస్తావా? గొర్రెల్తో మాకట్టా కుదర్దు తల్లీ!" చేతికర్ర గేటుకు ఆనించాడు. "నన్ను గూడా అడగరాదా? కొండలో ఒక్కణ్ణే తిరిగేవాణ్ణి. యాడన్నా పడిపోతే ఎవరికి తెలస్తాది?"

మెహతాబ్‌కు జాలేసింది. తనలాంటివాడే, పాపం.

"రోజూ ఆరింటికి మెసేజి వచ్చేట్టు పెడతాలే తాతా."

"మిషన్ని అడగనీబాక. నువ్వే నొక్కి పంపాల."

ముసలాయన పంతానికి నవ్వొచ్చింది. ఆ రోజే పది లైన్ల స్క్రిప్టు రాసింది. పొద్దున ఆరింటికి లేచి తనే మీట నొక్కేది. "ఉండావా తాతా?" అని ఆయన బటన్ ఫోనుకు వెళ్లేది. ఆయన ఒకటి అంకె నొక్కి పంపేవాడు. ఒకటి వస్తే ఉన్నట్టే.

అది వచ్చేదాకా టీ గొంతు దిగేది కాదు. ఆలస్యమైతే ప్రాణం కొట్టుకునేది. అయినా ఎదురుచూడ్డానికి ఒకరున్నారని లోలోపల సంతోషం.

మొన్న ఒళ్లు తెలియని జ్వరం. తెల్లారినా లేవలేకపోయింది. మంచం పక్కన ఫోను మోగింది. చెయ్యి లేవలేదు. మళ్లీ మోగింది. మూడోసారీ మోగి ఆగిపోయింది. అయ్యో, ఇవాళ తాతను అడగలేదే, ఎట్లా ఉన్నాడో అన్న దిగులుతోనే కళ్లు మూతలు పడ్డాయి.

తెలివొచ్చేసరికి ఆత్మకూరు ఆసుపత్రిలో ఉంది. చేతికి సెలైన్. ఎవరో పెద్దావిడ తడిగుడ్డతో నుదురు తుడుస్తోంది.

"తలుపు పగలగొట్టి తెచ్చినాము తల్లీ. ఇంకో పూట ఆగుంటే దక్కేదానివి కాదని డాక్టరు చెప్పినాడు."

"తాత... నారాయణయ్య తాత ఎట్లా ఉన్నాడు? పొద్దున నేను అడగలేదు. పాపం, ఎవరూ లేని మనిషి."

పెద్దావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఆయన బాగుండాడు, మందులకు పొయినాడు. నేను ఆయన పెళ్లాన్నే తల్లీ, కొడుకులూ కోడళ్లూ మనవళ్లతో ఇంట్లో పదకొండు మందిమి ఉండాము, నువ్వుండావో లేదో రోజూ తెలవాలనే ఆ మెసేజి పెట్టించుకున్నాడు."