బోనులో పడ్డ మాట

ఆఫీసు కంప్యూటర్లలో వైటూకే బగ్గులు ఏరే మొనగాణ్ణే గానీ, కేరమ్ డౌన్స్‌లో మా అద్దింటి లాన్ తవ్వేస్తున్న మోల్ అనే బొరియల జంతువుని పట్టడం నా వల్ల కాలేదు. సోమవారం ఏజెంటు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నాడు. ఒళ్లుమండి ఎలుకలబోను పెట్టాను. తెల్లారేసరికి పడింది!

పక్కింటి ఫిజీ రుక్మణి ఆంటీ పరుగెత్తుకొచ్చింది. మా మాటలన్నీ హిందీలోనే.

"వదిలేయ్ వాహెద్ బేటా! ఈ కంగారూల దేశంలో మోల్ ఎక్కడిది? అది బాండికూట్. లాన్‌లో పురుగుల్ని తినిపెడుతుంది. దాన్ని పట్టడం నేరం కూడానూ."

"బాండికూటేంటాంటీ, పందికొక్కు అనండి! మా తెనాలిలో ఇది కనబడితే కర్ర తీస్తాం."

ఆంటీ కళ్లు మెరిశాయి.

"ఏమన్నావ్? మళ్లీ అను!"

"పందికొక్కు."

"చెరుకుతోటల్లో కూలికని తెలుగునేల నుంచి ఫిజీ వచ్చిన మా నానమ్మ నన్ను అలాగే పిలిచేది! తెలుగులో నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. వంటింట్లో దూరి బెల్లం తింటుంటే 'పందికొక్కా, పందికొక్కా' అంటూ వెంటపడేది. దానికి రాకుమారి అనే అర్థం కూడా ఉంది కదూ?"

బోనులోంచి పొడుగు ముక్కొకటి నావైపే చూస్తోంది.

"అవునాంటీ," అంటూ బోను తలుపు తీశాను. "రాకుమారిగారూ, దయచేయండి."