మొద్దుబారని నోరు

"మత్తు ఇంజెక్షన్ వద్దండీ."

పళ్ళ డాక్టరమ్మ చేతిలో సూది గాలిలోనే ఆగిపోయింది.

కుర్చీలో వెనక్కి వాలిన పెద్దాయన ఎడమ చెంప బంతిలా ఉబ్బి ఉంది. కన్నతల్లి అయినా గుర్తుపట్టడం కష్టం. మెడలో మఫ్లరు, కళ్ళలో నీళ్ళు.

"పంటి కింద చీము పట్టిందండీ. డ్రిల్లు పెట్టి తెరవాలి. ఇంజెక్షన్ లేకుండా అంటే చుక్కలు కనిపిస్తాయి."

"కనిపించనివ్వండి. మధ్యాహ్నం మాట్లాడే పనుంది. మూతి మొద్దుబారితే మాట ముద్దముద్దగా వస్తుంది."

"ఇంతకీ ఏం చేస్తుంటారు?"

"అరుస్తుంటాను."

"వేలంపాటా?"

పెద్దాయన కాస్త ఆలోచించాడు.

"ఇంచుమించు అంతేనమ్మా. మొన్ననే పెద్ద వేలం జరిగింది. నేను పాడలేదు, పక్కన నిలబడి అరిచాను."

డాక్టరమ్మకు ఒక అలవాటు ఉంది. డ్రిల్లు తిరిగినంతసేపూ ఆవిడ నోరూ తిరుగుతుంది. కబుర్లలో పడితే రోగి నొప్పి మరిచిపోతాడని ఆవిడ నమ్మకం. పైగా, ఎదురు చెప్పలేని శ్రోత దొరకడం ఎంత అదృష్టమో, ఇంట్లో మొగుడూ పిల్లలూ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

"పెద్దగా తెరవండి. ఆ, అలాగ. మా తమ్ముడు మంత్రయ్యాడండీ, కొత్త ప్రభుత్వంలో."

"ఆఁ" అన్నాడాయన. నోట్లో దూది ఉంటే ఎవరైనా అంతే అంటారు.

"ఇవాళ సభలో వాడికి గండం. ప్రతిపక్షంలో ఒకాయన ఉన్నాడు, ముళ్ళకంప అంటారందరూ. కొత్త మంత్రివర్గాన్ని దులిపేస్తాడట. టీవీలో ఆయన మొహం కనిపిస్తే చాలు, చానెల్ మార్చేస్తాను నేను. అంత నోరు పనికిరాదండీ మనిషికి."

"ఆఁ."

"మావాడిదేం తప్పు చెప్పండి? కుర్చీ ఇస్తామన్నారు, కూర్చున్నాడు. సర్వతోముఖ సమన్వయ శాఖట! ప్రమాణం చేసి ఇంటికి రాగానే నాకు ఫోను. 'అక్కా, సమన్వయం అంటే ఏంటే?' అని! నిఘంటువు చూడరా అన్నాను. చూశాడు. అర్థం దొరికింది గానీ, ఆఫీసు దొరకలేదు. గది లేదు, గుమాస్తా లేడు. పార్టీలో పెద్దల్ని అడిగితే, 'నీకెందుకు, ఊరుకో' అన్నారట."

పెద్దాయన పొట్ట అదిరింది. భుజాలు కదిలాయి. కళ్ళ నీళ్ళు చెవుల దాకా జారాయి.

"నొప్పా?"

కాదన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఈ సంగతి ఆ ముళ్ళకంప చెవిన పడిందా, మావాడు జన్మంతా నిఘంటువు మంత్రే! మీతోనైతే ఆ భయం లేదు. నోరు తెరిచి ఉన్నా మాట్లాడలేరు."

పని అయ్యాక పెద్దాయన పుక్కిలించి, చెంప పట్టుకుని లేచాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయింది. ఒక్క మూలుగు మాత్రం బయటికి రాలేదు.

"చెయ్యి మంచిదమ్మా మీది" అన్నాడు. నోటి సంగతి ఎత్తలేదు.

"సాయంత్రం దాకా మాట్లాడకండి."

"సగం పాటిస్తానమ్మా."

మధ్యాహ్నం రోగులు పల్చబడ్డాక, డాక్టరమ్మ బయటి గదిలో టీవీ పెట్టుకుని, రిమోటు పట్టుకుని కూర్చుంది.

సభలో ముళ్ళకంప లేచి నిలబడ్డాడు.

ఎడమ చెంప బంతిలా ఉంది. మెడలో అదే మఫ్లరు.

రిమోటు చేతిలోంచి జారి కింద పడింది. తమ్ముడికి ఫోను చేసింది. సభలో ఉన్నవాడు ఎలా ఎత్తుతాడు?

"అధ్యక్షా! ఈ ప్రభుత్వం ఏర్పడిన తీరు చూడండి. పని ఉంటే మనిషిని వెతుకుతారు ఎవరైనా. వీళ్ళు మనుషుల్ని పోగేసుకుని, తర్వాత పనులు వెతికారు. శాఖల్ని వేలం వేసినట్టు, వ్యవసాయం ఒకరికి, విత్తనాలు ఇంకొకరికి, ఎరువులు మరొకరికి! వాన ఒక్కటే మిగిలింది. అదీ చేతికి అందలేదు గనక!"

సభ గొల్లుమంది. అధికార పక్షంలో వెనక వరసలవాళ్ళు కండువాల చాటున నవ్వుకున్నారు. మాట మాటకీ ఆయన చెంప అదురుతోంది. మాటలో మాత్రం ఒక్క అక్షరం చెక్కుచెదరడం లేదు.

"ఇక, సర్వతోముఖ సమన్వయ శాఖ..."

కెమెరా తమ్ముడి మీదికి తిరిగింది. కాగితాల వెనక సగం మొహమే కనిపిస్తోంది. చిన్నప్పుడు లెక్కల మాస్టారు బోర్డు దగ్గరికి పిలిస్తే ఇలాగే దాక్కునేవాడు.

పన్ను పీకినట్టు తన నాలుకను తనే పీకి పారేయాలనిపించింది డాక్టరమ్మకు.

ముళ్ళకంప చెంప మీద చెయ్యి వేసుకుని ఆగాడు.

"చెప్పండి, చెప్పండి!" సొంత పార్టీవాళ్ళు బల్లలు చరిచారు.

"ఈ శాఖ సంగతి ఆ కుర్రాణ్ణి అడగడం న్యాయం కాదధ్యక్షా. పని చూపించకుండా కుర్చీ వేసినవాళ్ళని అడగాలి. ముందు ఆయనకో గది ఇవ్వండి. నలుగురు మనుషుల్నివ్వండి. ఆ తర్వాత అడుగుతాను. అప్పుడు మాత్రం వదలను."

కూర్చున్నాడు.

కాసేపటికి డాక్టరమ్మ ఫోను మోగింది.

"అక్కా! ముళ్ళకంప దగ్గర సరుకైపోయిందే! నా దాకా వచ్చేసరికి పాపం, మాటే దొరకలేదు!" తమ్ముడు పకపకా నవ్వాడు. "పైగా నాకు గది చూస్తున్నారట, తెలుసా?"

నిజం నాలుక చివరి దాకా వచ్చింది.

"దొరకలేదేమోలేరా" అంది డాక్టరమ్మ.

లోపల ట్రేలో, పొద్దున ఆయన వద్దన్న ఇంజెక్షన్ అలాగే పడి ఉంది.

రోగి రహస్యం డాక్టరు బయటపెట్టకూడదని ఆవిడకు కాలేజీలో ఏళ్ళ తరబడి నేర్పారు. డాక్టరు రహస్యాన్ని రోగి కడుపులో దాచుకోవాలని ఆ ముళ్ళకంపకు నేర్పిందెవరో!