మంచు తీసినవాడి చోటు

ఒటీలియా ఇంటి ముందు మంచు తవ్వి, బండి పట్టేంత చోటు చేసేసరికి అడెలీనో వేళ్లు మొద్దుబారిపోయాయి. తన వ్యాను వెనక నుంచి పాత వంటింటి కుర్చీ ఒకటి తీసి ఆ ఖాళీలో నిలబెట్టాడు. ఈ వీధిలో ఎవరినీ అడగక్కర్లేదు. మంచు ఎవరు తీస్తే చోటు వాళ్లది. గుట్టలు కరిగేదాకా ఆ కుర్చీని కదిపేవాడు ఉండడు.

కుర్చీని కాపలా పెట్టి వ్యానులో రొట్టెల దుకాణానికి వెళ్లాడు. ఒటీలియాకి తీపిరొట్టె అంటే ప్రాణం. అదీ పొయ్యిలోంచి అప్పుడే తీసిందైతే.

ఈసారి పడవ చాలా రోజులు ఒడ్డుకి రాలేదు. వల లాగుతున్నంతసేపూ ఆమెతో ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాడు. పడవ రేవులో ఉంటే శనివారం కూతురు లీడియాని ఈతకి తీసుకెళ్లడం అతని పనే. ఇవాళ కూతుర్ని తీసుకొచ్చాక, ఆ వంటింట్లో కూర్చుని నెమ్మదిగా చెప్పాలి. ఇక సముద్రం మానేస్తున్నానని. రేవులోనే పని దొరికిందని. కలిసున్నన్నేళ్లూ ఆమె అడిగింది అదొక్కటే.

తిరిగి వచ్చేసరికి కుర్చీ మెట్ల పక్కన ఉంది. తను తవ్విన చోట్లో బూడిద రంగు కారు ఉంది.

ఆ కారుని అతను ఎరుగును. ఇదివరకు వీధి చివర, పార్కింగు పర్మిట్ అక్కర్లేని మలుపులో బెరుగ్గా నిలబడి ఉండేది. ఇప్పుడు ఇంటి ముందుకే వచ్చేసింది.

బెంటోది. పేరు లీడియా నోట విన్నాడు. బెంటో ఆకుకూర సూపు చేస్తే సాసేజీ ఎక్కువ వేస్తాడు నాన్నా, అని ఒకసారి వ్యానులో చెప్పింది. ఆ వంటింటి అలమరలు బిగించింది అడెలీనో. ఆ పొయ్యిని భుజం మీద మోసుకొచ్చింది అడెలీనో. వాడెవడో వచ్చి దాని ముందు గరిటె తిప్పుతున్నాడు. ఆ రోజు బాగుందా అని మాత్రం అడిగాడు. చాలా బాగుంది అంది.

మెట్ల మీద మగవాళ్ల బూట్లు ఉన్నాయి. తన పాదం కన్నా పెద్దవి. పక్కనే ఎర్ర పిడి ఉన్న కొత్త పార.

పక్కింటి ఎర్మీరా తన గడప ముందు ఉప్పు చల్లుతోంది. భర్త పోయాక ఆ వీధికంతటికీ ఆవిడే కాపలా.

“ఏం అబ్బాయ్, వదిలిందా సముద్రం నిన్ను?”

“కుర్చీ ఎవరు తీశారు పెద్దమ్మా?”

“బెంటో. తడి తుడిచి మరీ పక్కన పెట్టాడు. మంచివాడే. మొన్న నా గుమ్మం లైటు కూడా మార్చిపెట్టాడు.”

“మంచు తీసింది నేను.”

“తీశావు. ఎప్పుడూ బాగానే తీస్తావు. తీసి పడవెక్కేస్తావు.” ఆవిడ ఇంకో గుప్పెడు చల్లింది. “కుర్చీని చూసి ఎన్నాళ్లు ఆగుతారు నాయనా జనం?”

నువ్వు లేనప్పుడు ఇక్కడ ఒక సంగతి జరిగిందంటూ ఇంకేదో మొదలుపెట్టింది. అడెలీనో అటు తిరిగాడు. ఒటీలియా సంగతి ఎర్మీరా నోట వినేకంటే మునిగిపోవడం నయం.

బూడిద రంగు కారు చుట్టూ తిరిగాడు. పక్క అద్దాల మీది మంచు కూడా దులపలేదు బద్ధకస్తుడు. ముందద్దంలోంచి లోపలికి తొంగిచూశాడు. గెస్ట్ కార్డు తగిలించి లేదు.

బయటినుంచి వచ్చేవాళ్ల బండి నిలపడానికి ఈ వీధిలో ఇంటికి ఒక్కటే గెస్ట్ కార్డు. ఒటీలియా దాన్ని తలుపు వెనక మేకుకి తగిలిస్తుంది. పోగొట్టుకుంటే మళ్లీ ఇవ్వరని, ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వదు.

వాడికి ఇవ్వలేదు. వ్యవహారం అంతదాకా రాలేదన్నమాట.

వెంటనే పార్కింగు ఆఫీసుకి ఫోను చేశాడు. పర్మిట్ లేని కారు ఇంటి ముందు పెట్టారని చెప్పాడు. రంగు చెప్పాడు, నంబరు చెప్పాడు. తన వ్యానుని దాని వెనకే మంచుగుట్ట మీదికి సగం ఎక్కించి, రొట్టె చల్లారకుండా కోటు లోపల దాచుకుని కూర్చున్నాడు. వాడు బయటికొచ్చి జరిమానా కాగితం అందుకోవాలి. అది ఒటీలియా కిటికీలోంచి చూడాలి. ఆ తర్వాత తను రొట్టెతో మెట్లెక్కాలి.

కాసేపటికి ఆఫీసరమ్మ వచ్చింది. బూడిద రంగు కారు వెనక అద్దాన్ని చేతితొడుగుతో తుడిచింది. మంచు కింద, ఇక్కడ కాపురం ఉండేవాళ్లకి ఇచ్చే కొత్త పర్మిట్ స్టిక్కరు మెరిసింది. ఈ వీధిదే. ఈ ఏడాదిదే.

“దొంగది అయ్యుంటుంది,” అన్నాడు అడెలీనో, వ్యాను దిగి.

“ఇది సరిగ్గానే ఉంది సార్.” ఆమె వ్యాను వైపు నడిచింది. ఎండకి వెలిసి, అంచులు లేచిపోయిన, గడువు తీరిన అతని పాత స్టిక్కరు మీద వేలు పెట్టింది. “మరి ఇదేమిటి?”

“ఈ ఇల్లు నాకు కొత్త కాదు. కావాలంటే ఆమెనే అడగండి.”

మాటలు విని ఒటీలియా తలుపు తీసింది. కుర్చీని చూసింది. అడెలీనో కోటు ఉబ్బెత్తుగా ఉండటం చూసింది. ఒక్క క్షణం ఆమె ముఖం మెత్తబడింది. అది చాలు అనుకున్నాడతను.

“ఈ రెండిట్లో మీ ఇంటి బండి ఏదండీ?” అని అడిగింది ఆఫీసరమ్మ.

“ఆ బూడిద రంగుది, మా ఆయనది,” అంటూ ఒటీలియా తలుపు వెనక మేకుకున్న గెస్ట్ కార్డు తీసి, అతను వచ్చిన ప్రతి శనివారం ఇచ్చినట్టే, అడెలీనో చేతికి ఇచ్చింది.