తమ్ముడు ఇప్పించిన అప్పు

“కమీషనా? ఎవరికిచ్చారు బాబూ?” అక్కకు అర్థం కాలేదు.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికి, వ్యానులో చేరవేసి బతికే మనిషి ఆవిడ. వాయిదాలు కట్టలేకపోయేసరికి నిన్న ఆ వ్యాను కాస్తా పట్టుకుపోయారు. అంత వడ్డీ ఎందుకేశారో నిలదీద్దామని ఫైనాన్సు ఆఫీసుకు వచ్చింది. వ్యాను అమ్మి, అప్పు ఇప్పించిన, షోరూములో పనిచేసే తమ్ముడు “గొడవెందుకక్కా, నేను మాట్లాడతాగా” అంటూ వెంటపడి వచ్చాడు.

“బండి అమ్మినాయనకమ్మా,” అన్నాడు ఫిర్యాదులు చూసే ఉద్యోగి. “వడ్డీ ఎంతన్నది ఆయన చేతిలోనే ఉంటుంది. ఎక్కువేస్తే ఆయనకు కమీషన్ ఎక్కువొస్తుంది. మీకు చెప్పలేదా?”

అక్క తమ్ముడి వైపు తిరిగింది. అమ్మ పోయాక వాణ్ణి చంకనేసుకుని పెంచింది తనే.

“నిజమేనట్రా?”

తమ్ముడు తల దించుకున్నాడు. “అందరికీ చేసేదే అక్కా. నీ ఒక్కదానికే చేశానా?”

“ఇన్ని షోరూములుండగా నీ దగ్గరికే ఎందుకొచ్చాన్రా? నీకు నేను అందరిలాంటిదాన్ని కాదనే కదా!”

“ఫిర్యాదు పెడితే నా ఉద్యోగం పోతుందక్కా,” అంటూ చెయ్యి పట్టుకోబోయాడు.

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. “రాసుకోండి బాబూ.”

ఉద్యోగి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అక్కా అంటున్నాడు. మీకేమవుతాడమ్మా?”

అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తమ్ముడు ఆవిడ నోటి వంకే చూస్తున్నాడు.

“ఏమీ కాడు. బండి అమ్మినాయన, అంతే.”