అందించిన జవాబులు

"కుర్చీ, దువ్వెన, నిమ్మకాయ. గుర్తుపెట్టుకోమనండి, మళ్లీ అడుగుతాను," అన్నాడు డాక్టరు. "ముందు ఇది ఏ నెలో చెప్పమనండి."

మేనకోడలు ఆ మాటల్ని చేతుల్లోకి మార్చింది. మొగుడూ పెళ్లాలిద్దరికీ పుట్టుకతో వినపడదు. ఎంత పోట్లాడుకున్నా వేళ్లతోనే. ఆయన పేరు సొట్టబుగ్గ. బుగ్గలో వేలు గుచ్చుకుంటే ఆయన్ని పిలిచినట్టే.

ఇదేం ప్రశ్న అన్నట్టు సొట్టబుగ్గ తెల్లమొహం వేశాడు. ఆయన చూపు డాక్టరు ఉన్ని స్వెటరు మీదుగా జారి, వెనక బెంచీ మీదున్న భార్యను చేరింది. కాపీ కొట్టే పిల్లలు వీళ్ల దగ్గర పాఠాలు నేర్చుకోవాలి. గుసగుస కూడా లేదు. ఆమె చేతిసంచి చాటున వేళ్లు కదిపింది. 'మే నెల.'

ఆయన అదే చెప్పాడు.

ఆమె చేతిసంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఈమధ్య పొయ్యి వెలుగుతూనే ఉంటోంది. తాళాలు పంచదార డబ్బాలో దొరుకుతున్నాయి. అడిగితే 'నేను కాదే' అంటాడు. 'మరి దెయ్యమా?' అని దులిపేసేది. ఇప్పుడు పరీక్ష తప్పితే వృద్ధాశ్రమంలో పడేస్తారు. చేతులతో మాట్లాడేవాళ్లు అక్కడ ఒక్కరూ ఉండరు. పక్కవీధి దర్జీ తల్లి అక్కడ మంచినీళ్ల కోసం చేతులాడిస్తే, కొట్టబోతోందని మంచానికి కట్టేశారట. చేతులు కడితే ఇక నోరు కట్టినట్టే.

"ఇందాకటి మూడు వస్తువులు?"

ఆమె టకటకా అందించింది. 'కుర్చీ, దువ్వెన, కత్తెర.'

ఆయన కదల్లేదు. ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు.

'కత్తెర! చెప్పు సొట్టబుగ్గా, కొంప ముంచకు.'

ఆయన కళ్లు చెమర్చాయి. మెల్లగా చేతులెత్తి ఆ మూడే చెప్పాడు. మేనకోడలు వాటిని పైకి చదివి, కళ్లతో బెంచీ వైపు చూపి డాక్టరుతో ఇంకేదో చెప్పింది.

డాక్టరు కలం మూశాడు. ఆమె లేచి మేనకోడలి చెయ్యి పట్టి లాగింది. 'గట్టెక్కాడా? తీసుకుపోతారా?'

'మామయ్య ఎక్కడికీ వెళ్లడు అత్తా. నువ్వు అందించిందంతా పొల్లుపోకుండా చెప్పాడు.'

'నేను లేకపోతే నీ గతేమిటోయ్?' అని ఆమె మొగుణ్ణి వెక్కిరించింది. ఆయన నవ్వబోయి, మొహం తిప్పుకున్నాడు.

ఆమె నవ్వుతూనే ఉంది. డాక్టరు ఆమె వెనక నుంచి మేనకోడలితో అన్నాడు:

"జబ్బు మీ అత్తయ్యకే."